చన్నీళ్ళలో వేసిన చొక్కా

ముప్పై ఏళ్ళుగా మా ఇంట్లో పొద్దు ఒకే మాటతో మొదలయ్యేది. పెరట్లో కొళాయి కింద బకెట్ పెట్టి, చేత్తో సబ్బుబిళ్ళ పట్టుకుని, లోపలికి వినబడేలా అడిగేదాన్ని: "వదినా, నీలం డబ్బాలోవి తడపనా?" నోట్లో పళ్ళపొడి ఉన్నా సరే ఆవిడ జవాబు చెప్పేది. "తడుపు" అంటే మూత తీసి ఆవిడ కోర్టుకి కట్టుకునే మెడపట్టీలు, తెల్లబట్టలు నీళ్ళలో వేసేదాన్ని. "ఉండు" అంటే డబ్బా జోలికి పోయేదాన్ని కాదు.

రెండు నెలల నుంచి బకెట్ సగానికే నిండుతోంది. గంజి కాచే గిన్నె బోర్లించి ఉంది. పొద్దున్నే సబ్బు పట్టుకుని తలుపు వైపు తిరుగుతాను, నోరు తెరుస్తాను, మళ్ళీ మూసుకుంటాను. గడియారాలు బాగుచేసే బల్ల దగ్గర మా ఆయన కంటికి అద్దం బిగించుకునే నా వంక ఒకసారి చూసి తల దించుకుంటారు. ఆవిడ ఆయనకి సొంత అక్క. నాకు వదిన. బయటివాళ్ళకి వకీలమ్మ.

ఆవిడ వాదించిన కేసుల మీద పుస్తకం వేస్తున్నారట. ఇంటివాళ్ళు కూడా నాలుగు ముక్కలు రాసివ్వాలని కోర్టువాళ్ళు కబురు పెట్టారు. చట్టాల సంగతి వాళ్ళు రాసుకుంటారు, నాకు తెలిసింది బట్టలు ఉతకడం. అందుకని ఆ నీలం డబ్బా మా ఇంటికి ఎందుకొచ్చిందో రాస్తాను. ఆ కథ కోర్టు కాయితాల్లో సగమే ఉంది.

నేను కాపురానికి వచ్చేసరికే వదిన నల్లకోటు వేసి మూడేళ్ళయింది. ఆ కోర్టులో అంతకుముందు ఆడమనిషి సాక్షిగానో, ముద్దాయిగానో మెట్లెక్కడమే గాని వకీలుగా ఎక్కింది లేదు. మొదటిరోజు మెట్ల మీద ఒక పెద్ద వకీలు, తర్వాత సర్కారు తరఫున వాదించినాయనే, దారి తప్పారా అమ్మా, చాకిరేవు అటువైపు అన్నాడట. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారట. ఈవిడ ఆగి, "తెలుసండీ. అక్కడ మురికి వదుల్తుంది. ఇక్కడ పేరుకుపోతోందని విని వచ్చాను" అందట. ఆ పెద్దమనిషికి మాట ముందు గొంతు సకిలించే అలవాటు ఉంది. ఆ రోజు నుంచీ మా ఇంట్లో ఆయన పేరు సకిలింపు వకీలు.

ఆడమనిషి దగ్గర పనికి గుమస్తాలు ముందుకు రాలేదు. చివరికి ఒక ముసలాయన వచ్చాడు. నాకు చత్వారం, ఎదుట ఉన్నది ఆడో మగో అంతగా కనబడదు, కాబట్టి నాకు అభ్యంతరం లేదు అన్నాడు. చనిపోయేదాకా ఆవిడ దగ్గరే ఉన్నాడు. ఆడవాళ్ళకి వేరే గది లేదు గనక పాత కాయితాల కొట్లో బల్లపీట మీద కూర్చుని అన్నం క్యారేజీ విప్పుకునేది. చెదలకి నేనంటే భయం పోయింది అనేది నవ్వుతూ.

ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువమంది చెప్పుకోడానికి దిక్కులేనివాళ్ళు. మా అబ్బాయిని జీపులో ఎక్కించుకుపోయారు, ఎక్కడ పెట్టారో చెప్పడంలేదు అని వచ్చేవాళ్ళు. జైలు నుంచి వాయిదాకి తెచ్చినవాళ్ళు పట్టుకుపోయిననాటి బట్టల్లోనే ఉండేవాళ్ళు. మాసిన బట్టల్లో నిలబడ్డవాడి మాట కూడా మాసినట్టే వినబడుతుంది వీళ్ళకి అని వదిన బాధపడేది. ఒకసారి నేనే అన్నాను, వాయిదాకి ముందు ఆ బట్టలు ఇటు తెప్పించండి, ఉతికి ఇస్త్రీ చేసి ఇస్తానని. అప్పటి నుంచి అదో పద్ధతైపోయింది. వదిన సాయంత్రం తెచ్చి వెనక వసారాలో కుర్చీ మీద వేసేది, పొద్దున్నే నేను ఉతికేదాన్ని. చెప్పక్కర్లేదు, అడగక్కర్లేదు. ఎవరివో కూడా నాకు తెలిసేది కాదు. గుండీ ఊడితే కుట్టేదాన్ని. రక్తం మరకలుంటే వదలగొట్టేదాన్ని. "సగం కేసు నువ్వే గెలుస్తున్నావే మరదలా" అనేది వదిన. మిగతా సగం మీరు ఓడిపోకుండా చూడండి అనేదాన్ని.

అలా ఏడెనిమిదేళ్ళు గడిచాక ఫిట్టరు కేసు వచ్చింది.

మిల్లులో ఫిట్టరు అతను. మిషనులో పడి ఒక పనివాడు చనిపోతే, ఆ మిషనుకి అడ్డుకమ్మీ తీసేయించింది పైవాళ్ళేనని విచారణలో చెబుతానన్నాడు. చెప్పాల్సిన రోజుకి రెండు వారాల ముందు, ఒక శనివారం, మిల్లు గేటు ముందు బస్సు కోసం నిలబడ్డవాణ్ణి ఠాణాకి తీసుకుపోయారు. ఆ సాయంత్రమే వదిలేశాం, పుస్తకంలో సంతకం కూడా ఉంది, ఆ తర్వాత ఎక్కడికో పారిపోయాడు అన్నది ఠాణావాళ్ళ మాట.

ఫిట్టరు భార్య మాట వేరు. మొగుడు లోపలే ఉన్నాడంది. రెండురోజులకొకసారి ఠాణా వెనక గేటు దగ్గరికి ఉతికిన జత పట్టుకెళ్తే, కాపలా అతను అందుకుని, విడిచిన జత తెచ్చి ఇచ్చేవాడట. పారిపోయినవాడు విడిచిన చొక్కా ఠాణాలోంచి ఎలా వస్తుందమ్మా అని వదినని అడిగింది. వదిన ఆ మాట రాసుకుని కింద గీత గీసింది.

పదమూడో రోజు, గురువారం, గేటు దగ్గర కాపలా అతను జత తీసుకోలేదు. ఒక చొక్కా మాత్రం పొట్లంగా చేతిలో పెట్టి, ఆమె మొహం చూడకుండా, ఇంక తేవద్దు అన్నాడు.

ఇంక తేవద్దు అంటే రెండే అర్థాలు. అతన్ని అక్కణ్ణుంచి తరలించారు, లేదా ఇంక బట్టలతో పని లేకుండా చేయబోతున్నారు. వదిన వేసిన అర్జీ మర్నాడు శుక్రవారం పదకొండింటికి విచారణకి ఉంది. అది కొట్టేస్తే మళ్ళీ సోమవారం దాకా కోర్టు లేదు. ఒక మనిషిని మాయం చెయ్యడానికి రెండురోజులు బోలెడు అంది వదిన ఆ సాయంత్రం మా ఆయనతో. చొక్కా సంగతి మాత్రం ఇంట్లో ఎత్తలేదు. ఆవిడ పద్ధతి అంతే, సాక్ష్యాల గురించి ఇంట్లో మాట్లాడేది కాదు. ఆ పద్ధతే మా కొంప ముంచింది.

ఫిట్టరు భార్య ఆ పొట్లం కోర్టు గేటు దగ్గర వదినకిచ్చింది. వచ్చేదారిలో వాన పడి చుట్టిన కాయితం తడిసింది. తడి చొక్కాకి తగలకూడదని వదిన కాయితం తీసేసి, చొక్కాని వసారాలో కుర్చీ మీద వేసింది. పొద్దున గుమస్తా రాగానే కవర్లో పెట్టి, సీలు వేయించి, జడ్జిగారి ముందు పెట్టి, పరీక్షకి పంపమని అడగాలని ఆవిడ అనుకోవడం. నాకు మాత్రం ఆ కుర్చీ మీద మగవాడి మాసిన చొక్కా ఉందంటే ఒకటే అర్థం.

శుక్రవారం నేనే ముందు లేచాను. చొక్కా ఎత్తి వెలుతురుకి పెట్టి చూశాను. బూడిదరంగు మీద సన్నగళ్ళు. వీపు మీద అడ్డంగా నాలుగు చారలు, అరచెయ్యంత పొడుగు. ఎర్రగా ఉన్నాయి, నడుమ మాత్రం కాస్త గట్టిపడ్డాయి. కాలర్ కింద ఎడమవైపు రూపాయి బిళ్ళంత ఇంకో మరక, అది గోధుమరంగుకి తిరిగింది. ఎవరో గాని పాపం బాగా తిన్నాడు అనుకున్నాను. చన్నీళ్ళు పట్టి, గుప్పెడు ఉప్పు వేసి, ముంచాను. నీళ్ళు గులాబీరంగుకి తిరిగాయి. నేను వంటింట్లోకి నీళ్ళు మోసుకుని వచ్చేసరికి వీపు మీద చారలు దాదాపు పోయాయి. నాలుగు వేళ్ళతో మెల్లగా రుద్దితే మిగిలిందీ పోయింది. కాలర్ కిందది మాత్రం ఎంత రుద్దినా కదల్లేదు. పాత మరక మొండిది, చొక్కా చిరిగిపోతుంది అని వదిలేశాను. జాడించి, పిండి, తీగ మీద వేసి, వంటలో పడ్డాను.

టీ గ్లాసు పట్టుకుని వసారాలోకి వచ్చిన వదిన కుర్చీ చూసింది. తర్వాత తీగ చూసింది. గ్లాసు కింద పెట్టడానికి చోటు వెతికి, దొరక్క, గోడ మీద పెట్టింది. చొక్కా దగ్గరికెళ్ళి అంచు పట్టుకుంది. దాని కొసనించి నీళ్ళు ఆవిడ పాదం మీద పడుతున్నాయి.

"మరదలా," అంది. కోపం లేదు ఆ గొంతులో. దానికే నాకు భయం వేసింది. "ఇది ఉతకాల్సిన చొక్కా కాదే. చూపించాల్సింది."

ఎవరిదో, ఎందుకో రెండు ముక్కల్లో చెప్పింది. మా ఆయన బల్ల దగ్గర్నించి లేచి వచ్చి విన్నారు. ముగ్గురం ఆ తడిచొక్కా చుట్టూ నిలబడ్డాం. గోడగడియారం ఏడున్నర చూపిస్తోంది.

మా ఆయనే ముందు తేరుకున్నారు. చొక్కా వచ్చినట్టు ఎవరికీ తెలీదు గదా, ఆ మాటే ఎత్తకు అన్నారు. ఎత్తితే సాక్ష్యం మాపేసింది వకీలమ్మే అంటారు, కోటు ఊడబీకుతారు, అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నారు. "కాలు ఇప్పటికే అడుసులో ఉందిరా" అంది వదిన. చొక్కా లేకపోతే ఫిట్టరు భార్య మాట ఒక్కటే మిగులుతుంది. పెళ్ళాం మాటకి ఠాణా పుస్తకం మీద సంతకం ఎదురైతే ఏది నెగ్గుతుందో మాకందరికీ తెలుసు.

ఆవిడ ఉతికే బండ మీద కూర్చుంది. నన్నెదురుగా కూర్చోబెట్టుకుని అడగడం మొదలుపెట్టింది. మరకలెన్ని, ఎక్కడ, ఏ రంగు, ముట్టుకుంటే ఎలా ఉన్నాయి. నీళ్ళు వేడివా చల్లవా. ఎంతసేపట్లో వదిలాయి. కాలర్ కిందది ఎందుకు వదల్లేదు. నేను ఏడుస్తూనే చెప్పాను. పాతది వదలదు వదినా, వారం దాటితే బట్టని కరుచుకుంటుంది, కొత్తదైతే చన్నీళ్ళకే జారిపోతుంది అన్నాను. ఆవిడ తలెత్తింది. కళ్ళలో ఏదో వెలిగినట్టయింది. చొక్కా మళ్ళీ పట్టుకుని కాలర్ తిరగేసి చాలాసేపు చూసింది.

"కోర్టుకి వస్తావా?" అంది.

నాకేం తెలుసు వదినా, మూడో తరగతి దాన్ని అన్నాను.

"నువ్వు చూసినంత దగ్గరగా ఈ లోకంలో ఇంకెవరూ చూళ్ళేదు. నీకు తెలిసింది చెప్పు, తెలియంది తెలీదని చెప్పు. నన్ను కాపాడాలని ఒక్క ముక్క కలిపావో, అతను పోతాడు."

ఆ తడిచొక్కాని స్టీలు పళ్ళెంలో పెట్టుకుని రిక్షాలో వెళ్ళాం. నా ఒళ్ళో పళ్ళెం. దారిపొడుగునా అది నా చీర తడుపుతూనే ఉంది. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

కోర్టుగది నేననుకున్నంత పెద్దది కాదు. సీలింగు ఫ్యాను కిర్రుమంటోంది. గోడకి తడి ఎక్కి సున్నం పొక్కులు లేచింది. ముందు బల్లల మీద నల్లకోట్లు, వెనక బెంచీ మీద ఫిట్టరు భార్య, ఉతికిన జత ఒకటి ఒళ్ళో పెట్టుకుని. ఆ రోజు కూడా తెచ్చుకుంది. ఎదురు బెంచీ మీద ఠాణా ఇన్స్పెక్టరు కాలు మీద కాలు వేసుకుని టోపీ మోకాలికి తగిలించాడు. వదిన ఫిట్టరు భార్య పక్కన కూర్చుని చెవిలో ఏదో అడిగింది, ఆమె మెడ మీద వేలు పెట్టి చూపిస్తూ ఏదో చెప్పింది.

జడ్జిగారు వచ్చి కూర్చున్నాక వదిన లేచి ఉన్నదున్నట్టు చెప్పేసింది. చొక్కా నా చేతికొచ్చింది, నా ఇంట్లో పొరపాటున ఉతికేశారు, తప్పు నాది, ఉతికిన మనిషిని తెచ్చాను, వినమని కోరుతున్నాను. సర్కారు తరఫున సకిలింపు వకీలు లేచి గొంతు సవరించుకున్నాడు. చాకిరేవు అటువైపని ఆనాడే చెప్పానండి, వారు ఇంట్లోనే పెట్టుకున్నట్టున్నారు అన్నాడు. గదంతా నవ్వింది. ఇన్స్పెక్టరు కూడా. వదిన మెడ మీద పట్టీ కదలడం చూశాను, అంతే.

సకిలింపు వకీలుకి ఉత్సాహం ఎక్కింది. మరక ఉందనే ఒప్పుకుందాం, అదేమీ ఠాణాలో పడ్డది కాదు అన్నాడు. నెల కిందట మిల్లులో రేకు తగిలి ఆ ఫిట్టరుకి మెడ కింద తెగింది, మిల్లు డాక్టరు పుస్తకంలో తేదీతో సహా ఉంది, ఇదిగో నకలు అని కాయితం జడ్జిగారికి అందించాడు. చొక్కా మీద రక్తం ఆ నెల కిందటిదే అన్నాడు. వదిన ఆ కాయితం చూస్తానని అడిగి, చూసి, అభ్యంతరం లేదు, దాఖలు చేసుకోండి అంది. తర్వాత నన్ను పిలిచింది.

బోనులో కర్ర మీద ఎన్ని చేతులు పట్టుకున్నాయో గాని నున్నగా ఉంది. ప్రమాణం చేశాను. వదిన నన్ను ఎవరో తెలియని మనిషిని అడిగినట్టు మీరు మీరు అంటూ అడిగింది. ఏం చూశారు, ఏం చేశారు. పొద్దున పెరట్లో చెప్పినవే చెప్పాను. గొంతు వినబడటంలేదని జడ్జిగారు రెండుసార్లన్నారు.

ఆవిడ కూర్చోగానే సకిలింపు వకీలు లేచాడు. ఈవిడ మీకేమవుతుంది అన్నాడు. మా ఆయన అక్కగారు అన్నాను. అంటే ఆవిడ అన్నం పెడితే తింటున్నారు అన్నాడు. లేదండీ, వండేది నేనే అన్నాను. వెనక ఎవరో నవ్వారు. ఆయన మొహం ముడుచుకుంది. ఏం చదివారు అన్నాడు. మూడు అన్నాను.

"మూడో తరగతి. మరి రక్తం మరక కొత్తదో పాతదో చెప్పే విద్య ఏ కాలేజీలో నేర్చుకున్నారమ్మా?"

నవ్వడానికి అందరూ సిద్ధంగా ఉన్నారు. నేను చొక్కా వంకే చూస్తున్నాను. ఆలోచించి చెప్పింది కాదు, ఉన్నమాట వచ్చేసింది.

"మా పుట్టింట్లో అక్కాచెల్లెళ్ళం నలుగురమండీ. నెలనెలా నేర్చుకున్నాను."

ఆ గదిలో ఉన్న మగవాళ్ళంతా ఎటు చూడాలో తెలియక తలో వస్తువూ చూశారు. సకిలింపు వకీలు గొంతు సవరించుకోబోయి మానేశాడు. అనకూడనిది అనేశానా అని వదిన వంక చూశాను. ఆవిడ కాయితం మీద ఏదో రాసుకుంటున్నట్టు తల వంచుకుంది, కానీ కలం కదలడంలేదు.

జడ్జిగారే అడిగారు. ఈసారి గొంతు మారింది. "చెప్పమ్మా. ఎలా తెలుస్తుంది?"

చెప్పాను. ఒకటి రెండురోజులదైతే చన్నీళ్ళూ ఉప్పూ చాలు, నీళ్ళు గులాబీరంగుకి తిరిగి పోతుంది. నెలదైతే గోధుమరంగుకి తిరిగి, నీళ్ళకి లొంగదు, సోడా వేసి ఎండబెట్టినా నీడలాగా మిగుల్తుంది. అప్పుడు వదిన లేచి నిలబడి పళ్ళెం నాకందించి, చూపించండి అంది. చొక్కా విప్పి కాలర్ తిరగేశాను. "మెడ కింద తెగిందన్నారే, ఆ మరక ఇదిగోండి. దీన్నీ అదే నీళ్ళలో వేశాను, అంతేసేపు రుద్దాను. పోలేదు. వీపు మీద నాలుగు చారలుండేవి, పోయాయి. రెండూ ఒకనాటివే అయితే రెండూ ఉండాలి, లేదా రెండూ పోవాలి."

జడ్జిగారు చొక్కా తెమ్మన్నారు. తడిబట్టని తన కాయితాల మీదే పరుచుకుని, డాక్టరు నకలు పక్కన పెట్టుకుని, కాలర్ చూశారు, వీపు చూశారు. మళ్ళీ కాలర్ చూశారు. ఇన్స్పెక్టరు కాలు కిందికి దిగింది.

సకిలింపు వకీలు అప్పుడు అసలు దెబ్బ కొట్టాడు. వీపు మీద చారలున్నాయన్నది ఈవిడ నోటిమాటే, వకీలమ్మగారు నేర్పి తెచ్చారు అన్నాడు. వదిన లేచింది. కావచ్చు అంది. అబద్ధం చెప్పదల్చుకుంటే చొక్కా ఉతికామని చెప్పేవాళ్ళం కాదు, ఊరుకునేవాళ్ళం. నా కోటు మీదికొచ్చే మాట నా నోటితో చెప్పాను. అది నమ్మడం నమ్మకపోవడం తీరిగ్గా తేల్చుకోవచ్చు. ఆ మనిషికి తీరిక లేదు. ఇప్పుడే వెతికించండి. దొరక్కపోతే నా మీద ఏ చర్యకైనా నేనిక్కడే నిలబడి ఉంటాను.

జడ్జిగారు కాసేపు కలం మూత తీస్తూ పెడుతూ ఉన్నారు. తర్వాత గబగబా రాశారు. కోర్టు అధికారిని, వదినని, ఇద్దరు జవాన్లని ఠాణాకీ, దాని కింద ఉన్న ఔట్‌పోస్టులకీ వెంటనే వెళ్ళి వెతకమన్నారు. ఇన్స్పెక్టరు లేవబోతే, మీరు కూర్చోండి అన్నారు. వాళ్ళు వచ్చేదాకా ఆ బెంచీ మీదే. ఫోను దగ్గరికి ఎవరూ వెళ్ళకూడదు. అప్పుడు టైము పన్నెండుంబావు.

వదిన పోతూ పోతూ నా భుజం మీద చెయ్యి వేసి, ఇంటికెళ్ళు అంది. వెళ్ళలేదు. ఫిట్టరు భార్య పక్కన కూర్చున్నాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఒకసారి మాత్రం, ఆ మొండిమరక నేనూ రెండుసార్లు రుద్దానమ్మా, పోలేదు అంది. ఒంటిగంట అయింది, రెండయింది. గుమస్తా ముసలాయన టీ తెచ్చి ఇచ్చాడు, చల్లారిపోయింది. ఎదురు బెంచీ మీద ఇన్స్పెక్టరు టోపీని ఈ మోకాలి మీంచి ఆ మోకాలి మీదికి మారుస్తున్నాడు. ఆ టోపీ ఆగినప్పుడల్లా నా గుండె ఆగేది. అతను నెమ్మదిగా ఉన్నాడంటే మనిషి లేడని కదా.

మూడున్నర దాటాక వరండాలో అడుగులు వినబడ్డాయి. ఇద్దరు జవాన్ల భుజాల మీద చేతులు వేసుకుని ఒక మనిషి వచ్చాడు. ఒక కాలు నేల మీద మోపడంలేదు. గడ్డం పెరిగి ఉంది. రైలుగేటు దగ్గర ఔట్‌పోస్టు వెనక, పట్టుకున్న సైకిళ్ళు పడేసే గదిలో, తాళం వేసి ఉంచారట. తాళంచెవి పోయిందంటే వదిన పక్కనే నిలబడి పగలగొట్టించిందట. ఆవిడ కోటు నిండా తుప్పు. చెప్పు ఒకటి తెగింది.

ఫిట్టరు భార్య లేచింది. ఏడవలేదు. మనిషిని పైనుంచి కిందికి చూసింది. దగ్గరికెళ్ళి గుండీ పట్టుకుంది.

"ఎవరి చొక్కా ఇది?" అంది.

నాది తీసేసి ఇది వేశారు, నాది ఏమైందో తెలీదు అన్నాడతను. అప్పుడు ఏడ్చింది.

ఆ కేసులో తర్వాత జరిగినవన్నీ పుస్తకంలో ఉంటాయి. ఫిట్టరు కుర్చీలో కూర్చునే విచారణలో సాక్ష్యం చెప్పాడు. కుంటడం మాత్రం పోలేదు. మా కొళాయి ఎప్పుడు కారినా పానా పట్టుకుని వచ్చేవాడు, వద్దన్నా వినేవాడు కాదు. కానీ జడ్జిగారి తీర్పులో ఇంకో వాక్యం ఉంది. సాక్ష్యాన్ని భద్రం చెయ్యడంలో వకీలు నిర్లక్ష్యం చేసిందని. దాని మీద వకీళ్ళ సంఘం విచారణ పెట్టి ఆర్నెల్లు ఆవిణ్ణి కోర్టు మెట్లెక్కనివ్వలేదు. మళ్ళీ మూడేళ్ళకి ఆవిడ పేరు జడ్జి కుర్చీకి వెళ్ళినప్పుడు కూడా ఆ వాక్యమే అడ్డం పడిందని గుమస్తా చెప్పాడు. ఆవిడ చెప్పలేదు.

ఆ ఆర్నెల్లూ ఆవిడ ఇంట్లోనే. ఊరికే కూర్చోలేక నా పనుల్లో వేలు పెట్టింది. ఆవిడ గంజి పెట్టిన దుప్పటి గోడకి ఆనిస్తే నిలబడేది. మా ఆయన దాన్ని తలుపుగా వాడుకుందాం అనేవారు. ఒక రోజు బట్టలు పిండుతూ ఉండబట్టలేక అన్నాను, అంతా నావల్లే గదా వదినా అని. సకిలింపు వకీలు ఆ కాయితం తీస్తాడని మీకు ముందే తెలుసా అని కూడా అడిగాను. దానికి నవ్వి ఊరుకుంది. మొదటిదానికి మాత్రం చేతిలో బట్ట ఆపింది.

"నువ్వు ఉతక్కపోతే అది పరీక్షకి పోయేది. కాయితం రావడానికి నెల పట్టేది. నెల ఉండేవాడా అతను?" అంది. మళ్ళీ బట్ట పిండుతూ, "అలాగని ఇంకోసారి చేసేవు. నన్నడక్కుండా ఏదీ తడపకు" అంది.

మర్నాడు బజారుకెళ్ళి మూత ఉన్న నీలం డబ్బా కొనుక్కొచ్చింది. కోర్టు నుంచి వచ్చిన ఏ బట్టైనా, తనదైనా పరాయిదైనా, అందులోకే. తను చెప్పేదాకా నేను ముట్టుకోకూడదు. ఆర్నెల్లయి మళ్ళీ కోటు వేసుకున్న రోజు నుంచి మా పొద్దు ఆ ప్రశ్నతో మొదలయ్యేది.

రెండు నెలల కిందట ఒక మంగళవారం మధ్యాహ్నం, వాయిదా అయ్యాక, కోర్టుగదిలో వెనక బెంచీ మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయింది. ఆ బెంచీ నాకు తెలుసు. మేం వెళ్ళేసరికి ఆస్పత్రిలో అంతా అయిపోయింది. ఒక నర్సు మా ఆయన చేతికి సంచి ఇచ్చింది. కోటు, తెల్లబట్టలు, మెడపట్టీ. పట్టీ మీద టీ ఒలికింది. కోటు జేబులో మడిచిన అర్జీ ఒకటి ఉంది, దాన్ని కొత్త గుమస్తా వచ్చి, ఇంకొకరికి అప్పగించాలని తీసుకెళ్ళాడు. మిగతావి నేను నీలం డబ్బాలో పెట్టి మూత వేశాను.

మొన్న మా ఆయన ఉండబట్టలేక అన్నారు, ఇప్పుడైనా తడిపెయ్యరాదూ, మరక ముదిరిపోతుంది అని. మరకల సంగతి నాకు చెబుతున్నారు పాపం. ముదిరిందనీ తెలుసు, ఇంక ఉప్పునీళ్ళకి లొంగదనీ తెలుసు.

ఈ పొద్దున కూడా కొళాయి విప్పి, సబ్బు పట్టుకుని, తలుపు వైపు తిరిగి అడిగాను. ఈసారి నోరు మూసుకోలేదు, పైకే అడిగాను. బకెట్ నిండేదాకా ఆగాను. తర్వాత మా ఇద్దరి బట్టలు ఉతికి తీగ మీద వేసుకుని లోపలికి వచ్చేశాను. డబ్బా మూత తియ్యలేదు.